కిడ్నీ బాగుంది సరే, ముంజేతి మీద ఆ మచ్చ ఏమిటి?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా వారికి 51 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. కిడ్నీ ఇచ్చింది నేనే. అప్పటి నుంచీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎప్పుడూ గీత దాటలేదు. టాక్రోలిమస్, అజాథయోప్రిన్, ప్రెడ్నిసలోన్ వాడుతున్నారు. బీపీ మాత్ర ఒకటి. ఆయన సివిల్ ఇంజనీరు, రోజూ నాలుగైదు గంటలు సైట్‌లో ఎండలోనే ఉంటారు. మొన్న చెకప్‌కి వెళ్తే అక్కడి డాక్టరు గారు ఎండలో జాగ్రత్తగా ఉండమని, ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లకు స్కిన్ క్యాన్సర్ రిస్క్ ఎక్కువని చెప్పారట. ఈయన నవ్వేసి వచ్చారు. "మనది నల్లతోలు, ఎండలోనే పుట్టి పెరిగాం, అది తెల్లవాళ్ల జబ్బు" అంటారు. కారులో అద్దాలు ఎత్తుకునే వెళ్తున్నాను కదా అంటారు. కానీ కుడి ముంజేతి మీద మూడు నెలలుగా కందిగింజంత గరుకు మచ్చ ఉంది. గీకితే పొలుసు రాలిపోతుంది, మళ్లీ వస్తుంది. పులిపిరే అని ఆయన మాట. అది ఏమై ఉంటుంది? నా కిడ్నీ వల్లే ఆయనకి ఈ ముప్పు వచ్చిందా? ఎండ మానేస్తే విటమిన్ డి సంగతేంటి? మందుల వల్లే అయితే డోసు కాస్త తగ్గించుకోవచ్చా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగినవన్నీ అడగాల్సినవే. వరస మాత్రం మారుస్తాను. ముందు ఆ మచ్చ. మిగతాది చదివే ఓపిక మీ వారికి లేకపోయినా, ఈ ఒక్కటీ చదివి వినిపించండి.

ఎండ తగిలే చోట, మూడు నెలలుగా, పొలుసు రాలి మళ్లీ మళ్లీ కట్టే గరుకు మచ్చ. ట్రాన్స్‌ప్లాంట్ అయిన మనిషి ఒంటి మీద ఇలాంటిది ఉంటే చూద్దాంలే అని కూర్చోకూడదు. ఈ వారంలోనే స్కిన్ డాక్టర్‌కి చూపించండి. అది ఫలానా అని ఉత్తరం చదివి నేను చెప్పలేను. ఎదురుగా కూర్చోబెట్టి చూసినా కంటితోనే తేల్చేయను. పులిపిరి కావచ్చు. ఇమ్యూనిటీని అణిచే మందులు వాడేవాళ్లకు పులిపిర్లు ఎక్కువే, ఆ మాటలో మీ వారి తప్పేమీ లేదు. యాక్టినిక్ కెరటోసిస్ అయినా కావచ్చు. ఏళ్ల తరబడి ఎండ తిన్న చర్మం మీద వచ్చే పొలుసు మచ్చ అది. కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. లేదంటే స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మొదలే కావచ్చు. తొలిరోజుల్లో ఈ మూడూ ఒకే పోలికలో ఉంటాయి. తేల్చేది బయాప్సీ. మచ్చ దగ్గర మత్తు సూది వేసి, చిన్న ముక్క తీసి, ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద చూస్తారు. ముక్క తీయడం కొద్ది నిమిషాల పని, అడ్మిట్ అవ్వాల్సిన పని లేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఒకటి చేయండి. కళ్లు మూసుకుని, చూపుడువేలి కొసతో ఆ మచ్చ మీద, చుట్టూ ఉన్న చర్మం మీద మెల్లగా నిమరండి. యాక్టినిక్ కెరటోసిస్ కంటికి కనిపించేదానికన్నా వేలికి ఎక్కువ తెలుస్తుంది, ఉప్పు కాగితం తగిలినట్టు ఉంటుంది. చుట్టుపక్కల అలాంటివి ఇంకో రెండు మూడు దొరికినా ఆశ్చర్యపోకండి. ఆ తర్వాత మచ్చను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. అడుగున గట్టిగా, గడ్డలా తగులుతోందా? నొక్కితే నొప్పి అంటున్నారా? ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో నొప్పి పెట్టే మచ్చను మేము ఇంకాస్త ఎక్కువ అనుమానిస్తాం. ఈ రెండిట్లో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. ఈలోగా దాన్ని గీకడం, కోయడం, కాల్చడం, పులిపిరి మందు పూయడం వద్దు. ఆ మందు పైపొరను కరిగించేస్తే మచ్చ అసలు రూపం పోతుంది. చూసే డాక్టర్‌కీ, ముక్కను పరీక్షించే ల్యాబ్‌కీ పని కష్టమవుతుంది.

ఇక మీ మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న రెండో ప్రశ్న. మీ కిడ్నీ వల్ల కాదు. ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి, ముమ్మూర్తులా ఒకేలా ఉన్న కవల అన్నదమ్ముల మధ్య జరిగింది. జన్యువులు ఒకటే కాబట్టి తమ్ముడి శరీరానికీ అన్న శరీరానికీ తేడా తెలియలేదు, ఇమ్యూనిటీని అణిచే మందులతో పనే పడలేదు. మీరిద్దరూ భార్యాభర్తలు, కవలలు కారు. ఆయన ఒంట్లోని రక్షణ వ్యవస్థకు మీ కిడ్నీ ఎప్పటికీ పొరుగింటిదే. దాని మీదికి ఆ వ్యవస్థ ఎగబడకుండా ఉండాలంటే రోజూ మందులతో దాన్ని కాస్త మగతలో ఉంచాలి. ముప్పు ఆ మగతలో ఉంది, మీరిచ్చిన కిడ్నీలో లేదు.

ఆ మగతకీ ఎండకీ సంబంధం ఏమిటంటారా? ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు చర్మ కణాల డీఎన్ఏని పాడుచేస్తూనే ఉంటాయి. ఇది మీకూ, నాకూ, అందరికీ రోజూ జరిగేదే. పాడైన చోటును కణమే రిపేరు చేసుకుంటుంది. రిపేరు కుదరక దారి తప్పిన కణాన్ని రక్షణ వ్యవస్థ గుర్తుపట్టి ఏరిపారేస్తుంది. గస్తీ మగతలో ఉంటే ఆ ఏరివేత సరిగ్గా జరగదు. దారి తప్పిన కణం ఒకటి రెండవుతుంది, రెండు వందవుతాయి. పులిపిర్లను తెచ్చే హెచ్‌పీవీ వైరస్‌లు కూడా ఇదే అదనుగా రెచ్చిపోతాయి. వాటిలో కొన్ని రకాలకు కొన్ని చర్మ క్యాన్సర్లలో చెయ్యి ఉంది.

మీ వారి మందుల చీటీలో నా కన్ను ఆగింది అజాథయోప్రిన్ దగ్గర. మిగతా మందులు గస్తీని నిద్రపుచ్చుతాయి. ఇది ఆ పని చేస్తూనే చర్మాన్ని ఎండకి ఇంకాస్త అప్పగిస్తుంది. ఈ మందు ఒంట్లో మారి తయారయ్యే థయోగ్వానిన్ అనే పదార్థం చర్మ కణాల డీఎన్ఏలోకి చేరుతుంది. మామూలు డీఎన్ఏ, అల్ట్రావయొలెట్‌లో ఒక రకమైన యూవీఏ కిరణాలను పెద్దగా పీల్చుకోదు. ఇది చేరిన డీఎన్ఏ పీల్చుకుంటుంది, లోపల్లోపల దెబ్బతింటుంది. అంటే మిగతావాళ్లను అంతగా బాధించని కిరణాలు కూడా మీ వారి చర్మానికి దెబ్బే. ఇది మంచి మందు కాదని నేననడం లేదు. 1960ల నుంచీ ఎన్ని లక్షల కిడ్నీలను నిలబెట్టిందో లెక్కలేదు. కానీ 'చర్మం మీద మచ్చలు మొదలయ్యాయి, దీని బదులు మైకోఫెనొలేట్ లాంటిది కుదురుతుందా' అని కిడ్నీ డాక్టర్‌ని (నెఫ్రాలజిస్ట్‌ని) అడగడం పూర్తిగా న్యాయమైన ప్రశ్న. మొహమాటపడకుండా అడగండి.

చేతిలో చీటీ ఉండగానే ఆ బీపీ మాత్ర పేరు కూడా చూడండి. దాంట్లో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటే అదీ చెప్పండి. నీరు లాగే ఈ మందు ఎండకి చర్మం త్వరగా స్పందించేలా చేస్తుంది, ఏళ్ల తరబడి వాడితే స్క్వామస్ రకం క్యాన్సర్ పెరుగుతుందని డెన్మార్క్ పరిశోధనల్లో తేలింది. దీనికి బదులుగా వాడదగ్గ బీపీ మందులు చాలా ఉన్నాయి. ఎప్పుడైనా ఫంగస్ ఇన్ఫెక్షన్‌కి వోరికొనజోల్ నెలల తరబడి ఇచ్చి ఉంటే అదీ గుర్తుచేయండి, అది కూడా ఈ కోవలోదే.

ఇప్పుడు డోసు తగ్గించడం గురించి. మీరిద్దరూ కలిసి ఈ నిర్ణయం తీసుకోవద్దు. ఒక్క మాత్ర కూడా, ఒక్క పూట కూడా. గస్తీ ఒకసారి కళ్లు తెరిస్తే అది ముందు వెతికేది చర్మం మీది మచ్చను కాదు, మీ కిడ్నీని. రిజెక్షన్, అంటే ఒళ్లు ఆ కిడ్నీని తిప్పికొట్టడం, మొదలైతే బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగాకే తెలియవచ్చు. చర్మ క్యాన్సర్లు వరసగా వస్తున్నప్పుడు మందులు తగ్గించడం, మార్చడం ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లు నిజంగానే చేస్తారు. కానీ రక్తంలో మందు మోతాదు కొలుస్తూ, కిడ్నీని కనిపెట్టుకుంటూ చేస్తారు. అలా మార్చే మందుల్లో ఒకటి సిరోలిమస్. దీని పుట్టుక విచిత్రం. 1964లో ఈస్టర్ దీవికి వెళ్లిన ఒక బృందం తెచ్చిన మట్టిలోని బాక్టీరియా నుంచి దొరికింది. ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నూయీ అంటారు, అందుకే దీనికి రాపామైసిన్ అని ఇంకో పేరు. ఇది రిజెక్షన్‌నీ ఆపుతుంది, కణాల పెరుగుదలకీ కళ్లెం వేస్తుంది. అప్పటికే స్క్వామస్ క్యాన్సర్ వచ్చిన కిడ్నీ పేషెంట్ల మీద జరిగి, 2012లో ఫలితాలు వచ్చిన ఒక ట్రయల్‌లో, దీనికి మారినవాళ్లలో రెండేళ్లలో మళ్లీ అదే క్యాన్సర్ వచ్చింది 22 శాతం మందికి. పాత మందుల మీదే ఉన్నవాళ్లలో 39 శాతం. తేడా చిన్నది కాదు. అయితే సైడ్ ఎఫెక్టులు తట్టుకోలేక మధ్యలో మానేసినవాళ్లూ అందులో తక్కువ లేరు. కాబట్టి ఇది డాక్టర్ కూర్చుని బేరీజు వేయాల్సిన విషయం. ఇంట్లో తేల్చేది కాదు.

మీ వారి వాదనకి వద్దాం. 'అది తెల్లవాళ్ల జబ్బు'. ఇందులో సగం నిజం ఉంది, అందుకే ఈ మాటను తోసేయడం కష్టం. సగం నిజం పూర్తి అబద్ధం కన్నా మొండిది. లెక్కలు చెబుతాను. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో స్క్వామస్ సెల్ కార్సినోమా మామూలు జనంకన్నా 65 రెట్లో, ఇంకా ఎక్కువో ఉంటుంది. బేసల్ సెల్ అనే నెమ్మదైన రకం సుమారు 10 రెట్లు. నెదర్లాండ్స్‌లో ట్రాన్స్‌ప్లాంట్ అయిన 20 ఏళ్లకు దాదాపు 40 శాతం మందికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో అదే 20 ఏళ్లకు 70 శాతం మందికి. రెండుచోట్లా ఎక్కువమంది తెల్లచర్మం వాళ్లే, మందులూ ఒకే తరహావి. తేడా ఎక్కువగా నెత్తిమీది ఎండలో ఉంది. ఈ అంకెలు తెల్లచర్మానివి కాబట్టి మీ వారికి ఇవే వర్తించవు, ఆయన రిస్క్ ఇంతకన్నా చాలా తక్కువ. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ నిజంగానే గొడుగు. బాగా నల్లని చర్మానికి పుట్టుకతో ఉండే రక్షణ, సన్‌స్క్రీన్ బలాన్ని కొలిచే ఎస్‌పీఎఫ్ లెక్కలో సుమారు 13తో సమానమనీ, తెల్లచర్మానికి 3 అనీ ఒక పాత లెక్క ఉంది. చామనఛాయ ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటుంది.

గొడుగు ఉంది, కాదనను. తొమ్మిదేళ్లుగా గస్తీ లేదు, రోజుకి ఐదు గంటల ఎండ ఉంది, పైన అజాథయోప్రిన్ ఉంది. ఈ మూడూ కలిస్తే ఆ గొడుగు ఒక్కటీ చాలదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది, దీన్ని ఆయనకి నిదానంగా చెప్పండి. ముదురు రంగు చర్మం ఉన్న ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లలో ఈ క్యాన్సర్లు ఎండ తగిలే చోటే రావాలని లేదు. జననాంగాల దగ్గర, మలద్వారం చుట్టూ, గజ్జల్లో, పాత కాలిన మచ్చల మీద, మానని పుళ్ల అంచున కూడా వస్తాయి. వీటిలో చాలావాటి వెనక హెచ్‌పీవీ ఉంటుంది. రంగు కణాల్లో పుట్టే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వస్తే అరికాలు, అరచెయ్యి, గోరు కింద వెతకాలి. గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమా వల్లే. ఆయనకి ట్రాన్స్‌ప్లాంట్ ఏమీ జరగలేదు, నల్లని చర్మానికీ ఈ జబ్బు వస్తుందని చెప్పడానికే ఆయన పేరెత్తాను. ఇక కపోసి సార్కోమా అని ఇంకోటి, వైరస్ వల్ల వచ్చేది, ఎండతో సంబంధం లేనిది. కాళ్ల మీదో నోట్లోనో ఊదారంగు మచ్చలుగా కనిపిస్తుంది. మనలాంటి చర్మానికి రాదన్న ధీమాతో పేషెంటూ చూసుకోడు, ఒక్కోసారి డాక్టరూ చూడడు. అందుకే దొరికేసరికి ముదిరి ఉంటుంది. తెల్లచర్మం వాళ్లకు ఎండ తప్పించుకోవడం మొదటి పని. మీ వారికి నన్నడిగితే ఒళ్లంతా చూసుకోవడం మొదటి పని, ఎండ తప్పించుకోవడం దాని వెంటనే.

ఆ చూసుకోవడం ఎలాగో చెబుతాను. నెలకోసారి, స్నానమయ్యాక, బాగా వెలుతురున్న గదిలో. ఒక నిలువుటద్దం, ఒక చేతి అద్దం, ఒక దువ్వెన ఉంటే చాలు. ఆయనకి కనిపించనివి మీకు కనిపిస్తాయి కాబట్టి మీరు పక్కనుంటే మంచిది. తలలో పాపిట మార్చి మార్చి చూడండి, బట్టతల ఉంటే ఇంకా జాగ్రత్తగా. చెవుల పైఅంచు, చెవుల వెనక. కింది పెదవి, దీన్ని అందరూ మర్చిపోతారు. మెడ వెనక, వీపు, చేతుల పైభాగం. గోళ్లు ఒక్కొక్కటీ, కాలివేళ్ల సందులు, అరికాళ్లు. చివరికి లోదుస్తుల కింద. సిగ్గుపడాల్సింది లేదు, ఆయన ఒక్కరే అద్దంలో చూసుకున్నా సరే. అనుమానం వచ్చిన ప్రతి మచ్చనీ పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. వచ్చే నెల అదే వెలుతురులో, అదే దూరం నుంచి మళ్లీ తీయండి. నెలకీ నెలకీ తేడా మన జ్ఞాపకం పట్టుకోలేదు, ఫొటో పట్టుకుంటుంది.

నెల రోజులైనా మానని పుండు, తాకితే రక్తమొచ్చే మచ్చ, వారాల్లోనే పెరిగే బుడిపె, కొమ్ములా గట్టిపడి పైకి లేచే పొలుసు, ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చ, గోరులో కొత్తగా వచ్చి వెడల్పవుతున్న నల్లగీత. ఇవి కనిపిస్తే నెలవారీ చూపు దాకా ఆగకండి. ఏమీ కనిపించకపోయినా ఏడాదికోసారి స్కిన్ డాక్టర్ ఒళ్లంతా చూడాలి. ఒంటి మీద యాక్టినిక్ కెరటోసిస్‌లు ఉంటే ఆరు నెలలకోసారి. ఒకసారి క్యాన్సర్ వచ్చి తీసేశాక మూడు నాలుగు నెలలకోసారి. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో ఒకటొచ్చిందంటే రెండోది వచ్చే అవకాశం బాగా ఎక్కువ.

ఎండ సంగతి. మీ వారి ఉద్యోగం మానమని నేను చెప్పను, చెప్పినా వినరు. పది నుంచి నాలుగు మధ్య బయటి పని ఎంత తగ్గితే అంత మంచిది. నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నంతసేపూ అల్ట్రావయొలెట్ గట్టిగా ఉందని గుర్తు. మబ్బు పట్టిందని ధైర్యపడొద్దు, పల్చటి మబ్బులోంచి ఈ కిరణాలు చాలావరకు దిగిపోతాయి. వేడి లేదంటే కిరణాలు లేవని కాదు.

బట్ట సన్‌స్క్రీన్‌కి అన్న. అది కరగదు, చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ పూయక్కర్లేదు. నిండు చేతుల చొక్కా, ముదురు రంగుది, నేత ఒత్తుగా ఉన్నది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి వస్తువులు కనిపించే బట్ట దీనికి పనికిరాదు. సైట్‌లో హెల్మెట్ ఉంటుంది కదా అనుకుంటారు. హెల్మెట్ నడినెత్తిని కాపాడుతుంది, అంతే. చెవులూ, మెడ వెనకా ఎండకే. హెల్మెట్‌కి తగిలించుకునే అంచులు, మెడ మీదికి వేలాడే గుడ్డలు దొరుకుతాయి. మీ వారికి ఇదొక్కటీ అలవాటైతే నేను సగం సంతోషిస్తాను.

బట్ట కప్పని చోటికే సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 50, యూవీఏనీ, ఇంకో అల్ట్రావయొలెట్ రకమైన యూవీబీనీ, రెండిటినీ ఆపేది. అజాథయోప్రిన్ వాడుతున్నారు కాబట్టి యూవీఏ సంగతి డబ్బా మీద తప్పకుండా చూడండి. సరిగ్గా పూస్తే ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఈ మాత్రానికి 50 ఎందుకంటే, సరిగ్గా పూసేవాళ్లు లేరు కనుక. ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు పూసి కొలుస్తారు. మనం పూసేది అందులో సగం, ఒక్కోసారి పావు. చూపుడువేలు, మధ్యవేలు పక్కపక్కన చాపి, రెండిటి మీదా మొదలు నుంచి కొస దాకా క్రీమ్ గీతలా పిండమనండి. ముఖానికీ మెడకీ అంత కావాలి. ఒక్కో చేతికి ఒక టీస్పూన్. మొదటి రోజు "ఇంతా!" అంటారు, అందరూ అంటారు. బయటికి వెళ్లే పావుగంట ముందు పూసి, రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి చామనఛాయ మీద తెల్లగా, బూడిద పూసినట్టు కనిపిస్తాయి. మగవాళ్లు మానేయడానికి అదే పెద్ద కారణం. రంగు కలిపినవి తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇదంతా చేస్తే ఉపయోగం ఉంటుందా అని ఆయన అడగవచ్చు. 2009లో జర్మనీ డాక్టర్లు ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. 120 మంది ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లను రెండేళ్లు గమనించారు. రోజూ సరైన మోతాదులో సన్‌స్క్రీన్ పూసుకున్న సగం మందిలో కొత్తగా ఒక్క స్క్వామస్ క్యాన్సర్ కూడా రాలేదు. మిగతా సగంలో ఎనిమిది వచ్చాయి. చిన్న పరిశోధనే, పైగా లాటరీ తీసినట్టు గుంపులుగా విడదీసింది కాదు. అయినా ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత కూడా ఇది పనిచేస్తుందని నాకు నమ్మకం కలిగించినవాటిలో అదొకటి.

కారు అద్దాల విషయం. మామూలు అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది, కాబట్టి చర్మం కమలదు, మనం నిశ్చింతగా ఉంటాం. యూవీఏ మాత్రం దూరి వచ్చేస్తుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ అతికించినది, అది యూవీఏని కూడా బాగానే ఆపుతుంది. పక్క అద్దాలు సాధారణంగా అలాంటివి కావు. మచ్చ కుడి ముంజేతి మీదన్నారు. డ్రైవింగ్‌లో కిటికీ వైపు ఉండే చెయ్యి అదేనా? మచ్చకి అదే కారణమని చెప్పడం లేదు గానీ, కారులో కూడా నిండు చేతుల చొక్కా ఉండాలనడానికి ఆ ప్రశ్న చాలు.

విటమిన్ డికి ఎండే దిక్కు కాదు. రక్తపరీక్షలో కొలిపించండి, తక్కువుంటే మాత్రలిస్తారు. కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో కాల్షియం లెక్క తేడాగా ఉండొచ్చు కాబట్టి పెద్ద డోసు మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు. ఎవరైనా విటమిన్ బీ3, అంటే నికోటినమైడ్ మాత్రలు చర్మ క్యాన్సర్‌ని ఆపుతాయని చెప్పినా తొందరపడకండి. 2015లో ఆస్ట్రేలియాలో ఇమ్యూనిటీ బాగున్నవాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో కొత్త క్యాన్సర్లు 23 శాతం తగ్గాయి, అక్కడి నుంచే ఈ పేరు వచ్చింది. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి, అందులో లాభం కనిపించలేదు.

బయాప్సీలో ఏదైనా తేలితే? యాక్టినిక్ కెరటోసిస్ అయితే ద్రవ నత్రజనితో గడ్డకట్టించి రాల్చేస్తారు. చుట్టూ చాలా ఉంటే ఫ్లోరోయురాసిల్ క్రీమ్ కొన్ని వారాలు పూయమంటారు. అప్పుడు చర్మం ఎర్రగా మంటపుట్టి చూడ్డానికి భయంగా ఉంటుంది, మందు పనిచేస్తున్న గుర్తే అది. స్క్వామస్ సెల్ కార్సినోమా అయినా, ఈ సైజులో దొరికితే చుట్టూ కొంచెం మంచి చర్మంతో సహా కోసి తీసేయడంతో ఎక్కువమందిలో కథ ముగుస్తుంది. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో ఇది మామూలుకన్నా దూకుడుగా లోపలికి పాకుతుంది, లింఫు గ్రంథులకు చేరే అవకాశమూ ఎక్కువ. నేను వారం అన్నది అందుకే, నెల అనలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఇవి రాసుకెళ్లండి: ట్రాన్స్‌ప్లాంట్ తేదీ, ఇప్పటి మందులన్నీ డోసులతో, గతంలో వాడి మానేసినవి, మచ్చ మొదట ఎప్పుడు చూశారో, నెఫ్రాలజిస్ట్ ఫోన్ నంబరు. స్కిన్ డాక్టర్ ఏ కొత్త మాత్ర రాసినా, మీ నెఫ్రాలజిస్ట్‌కి చెప్పాకే మొదలుపెట్టండి. కొన్ని యాంటీబయాటిక్స్, ఫంగస్ మందులు రక్తంలో టాక్రోలిమస్ మోతాదును అమాంతం పెంచేస్తాయి. చొక్కా విప్పి వీపు, చెప్పులు తీసి అరికాళ్లు కూడా చూడమని మీరే అడగండి. చెయ్యి ఒక్కటే చూసి పంపించేస్తే ఒప్పుకోవద్దు. బయాప్సీ రిపోర్టు వచ్చాక దానితో పాటు మచ్చ ఫొటో కూడా జతచేసి నాకు మళ్లీ రాయండి.